ద్రాస్ చలిలో డీజిల్ పేరుకోకుండా కాపాడుకోవడం: నా అనుభవం

నేను కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో మెషినరీ మెకానిక్‌ని. సొంతూరు పాలమూరు జిల్లా. ఎండకు ఇంజన్ కాగిపోతే ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను గానీ, చలికి డీజిల్ పేరుకుపోతుందన్న సంగతి లడఖ్ రోడ్డు పనికి పోయేదాకా నాకు వినికిడి మాత్రమే. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో జోజిలా కనుమ దాటాక వచ్చే ద్రాస్ దగ్గర మా క్యాంపు. ఎత్తు 3,200 మీటర్ల పైమాటే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మైనస్ 20 దాటడం అక్కడ వింతేమీ కాదు. టిప్పర్లు, పొక్లెయిన్లు, లోడర్లు, జనరేటర్లు, ఒక డీజిల్ బౌజర్ (మెషిన్లకు డీజిల్ పోసే ట్యాంకర్ బండి), అన్నీ నా నెత్తినే ఉండేవి. ఇప్పుడు ఆ వైపు పనులకు మన పిల్లలు బాగా వెళ్తున్నారు. ఫోన్ చేసి అందరూ అడిగేది ఒక్కటే: "అన్నా, అక్కడ డీజిల్ గడ్డకడతదట గదా, ఏం జేయాలె?" ఒక్కొక్కరికి గంట సేపు చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక అపోహ పోవాలి. ట్యాంకులో డీజిల్ మొత్తం రాయిలా బిగుసుకుపోయి బండి ఆగిపోవడం నేను చూడలేదు. ట్యాంకు మూత తీసి చూస్తే డీజిల్ కదులుతూనే ఉంటుంది, కాస్త మసగ్గా ఉంటుంది, అంతే. అయినా బండి నడవదు. ఎందుకంటే ముందు చేతులెత్తేసేది ఫిల్టర్. డీజిల్‌లో మైనం జాతి పదార్థం సహజంగానే కరిగి ఉంటుంది. మండడానికి అది మంచిదే, సీటేన్ (డీజిల్ ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే అంకె) దాని వల్లే పెరుగుతుంది. చల్లబడే కొద్దీ ఆ మైనం సన్నటి పలుకులుగా విడిపోతుంది. మన ఇళ్లలో చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా చూస్తే ఎలా ఉంటుందో, దాదాపు అదే వరస: మొదట మసక, తర్వాత పలుకులు, చివరికి ముద్ద. మసక మొదలయ్యే ఉష్ణోగ్రతను క్లౌడ్ పాయింట్ అంటారు. పారడం మానేసే హద్దును పోర్ పాయింట్ అంటారు. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఫిల్టర్ మూసుకుపోయే హద్దు ఉంటుంది. దాన్ని సీఎఫ్‌పీపీ అంటారు. మెకానిక్‌కి అక్కరకొచ్చే అంకె ఈ మూడోదే. ల్యాబులో ఆ పరీక్షకు వాడే జల్లెడ కన్నం 45 మైక్రాన్లు. బండి ఫిల్టర్ కాగితం అంతకంటే ఎంతో సన్నం, పది మైక్రాన్ల లోపే. అంటే కాగితం మీద రాసిన హద్దు రాకముందే మన ఫిల్టర్ మూసుకుపోయే అవకాశం ఉందన్నమాట.

ఇక మన దేశపు లెక్క చూడండి. డీజిల్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1460. దాని ప్రకారం సీఎఫ్‌పీపీ చలికాలంలో 6 డిగ్రీలు, ఎండాకాలంలో 18 డిగ్రీలు మించకూడదు. పోర్ పాయింట్ అయితే చలికాలం 3, ఎండాకాలం 15. మైనస్ అనుకునేరు, కాదు, అన్నీ ప్లస్సే. ఆయిల్ కంపెనీ ప్లస్ 6 వరకే హామీ ఇచ్చిన డీజిల్‌ని మనం మైనస్ 20లోకి తీసుకుపోయి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టి, బండి లేవలేదని తిట్టుకుంటున్నాం. మరి ఆదిలాబాద్‌లో, లంబసింగిలో చలికి బండ్లు ఎందుకు ఆగవు అని మా క్యాంపులో ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఒకటి, నిజంగా వచ్చే డీజిల్ చాలాసార్లు హద్దు కంటే మెరుగ్గానే ఉంటుంది. రెండు, అక్కడ చలి తెల్లారుజామున రెండు మూడు గంటలు గట్టిగా ఉండి, ఎండ రాగానే పోతుంది. వందల లీటర్ల ట్యాంకు అంత తొందరగా చల్లబడదు. ద్రాస్‌లో రాత్రి చలి రాత్రితో పోదు. పగలు కూడా సున్నా దాటని రోజులు వరసగా వస్తాయి. కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల చలి డిసెంబరు 21న మొదలవుతుంది. అది ముగిసే దాకా ట్యాంకు వేడెక్కే మాటే లేదు.

మా క్యాంపులో అసలు గొడవ నవంబరు చివర్లో వచ్చింది. అద్దెకు మాట్లాడిన టిప్పర్లు కింది నుంచి వచ్చాయి. డ్రైవర్లు జమ్మూలో ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని, ఘాట్లన్నీ ఎక్కి, సాయంత్రానికి చేరారు. ఇంకా సగం ట్యాంకు పైనే మైదానం డీజిల్ మిగిలి ఉంది. బండ్లు వరసగా పెట్టి పడుకున్నారు. పొద్దున సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరిగింది, ఇంజన్లూ లేచాయి. చాయ్ తాగి వచ్చేలోపు ఒక్కొక్కటే గొంతు తగ్గి ఆగిపోయాయి. ఈ లక్షణం బాగా గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ తప్పయితే సెల్ఫ్ ఈడుస్తుంది. డీజిల్ పేరుకుంటే సెల్ఫ్ హుషారుగానే తిరుగుతుంది, పైపుల్లో, పంపులో మిగిలిన కాస్త డీజిల్‌తో ఇంజన్ లేస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే రేజ్ ఎక్కదు, రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ కూడా పోతుంది. అప్పుడు ఒక రోగం రెండు రోగాలవుతుంది.

ఒక బండి ప్రైమరీ ఫిల్టర్ విప్పాను. అడుగున నీళ్లు దిగే గాజులాంటి గిన్నె మసకబారి ఉంది. ఫిల్టర్ కాగితం మడతల సందుల నిండా పసుపు కలిసిన తెల్లటి జిగురు మెత్తినట్టు పట్టుకుని ఉంది. గోటితో గీకితే ఊడి వచ్చింది. గ్లౌజు తీసి అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి కరిగి నూనె మరకై పాకింది. ఇలా చేయడం ఊరికే కాదు. ఫిల్టర్‌ని మూసేది మైనమే కానక్కర్లేదు, డీజిల్‌లోని నీరు గడ్డకట్టి కూడా మూస్తుంది. మైనమైతే చేతిలో నూనెగా కరుగుతుంది. మంచు అయితే నీటి బొట్టై విడిగా నిలుస్తుంది. రెంటికీ మందు వేరు. మంచుకు యాంటీ జెల్ (మైనం పేరుకోకుండా డీజిల్‌లో కలిపే మందు) పోస్తే ఏం లాభం?

నేను ఈ పరిశోధనలో ఉండగానే ఒక డ్రైవర్ రేకు డబ్బాలో కట్టెలు, డీజిల్ గుడ్డలు వేసి నిప్పు రాజేసి ట్యాంకు కిందికి తోశాడు. కొండల్లో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతే ఇది. బ్లో ల్యాంప్ పెట్టేవాళ్లూ ఉన్నారు. "ఇరవై ఏళ్లుగా ఇట్లనే చేస్తున్నాం ఉస్తాద్, ఏం కాలేదు" అంటాడు. ఏం కానివాళ్లే కదా మనకు కనబడి ఆ మాట చెప్పేది. మన ప్రమాణంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్ (డీజిల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. చుట్టూ మైనస్ 20 ఉన్నా, నిప్పు తగిలే చోట ట్యాంకు రేకు 35 దాటడానికి ఎంతసేపు? ఆపైన కొత్త బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో ట్యాంకు పక్కనే పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణం ట్యాంకు, ప్లాస్టిక్ పైపులు, సెన్సర్ వైర్లు ఉంటాయి. డీజిల్ కరిగేలోపు అవి కరుగుతాయి. ఆ డబ్బాను కాలితో తన్ని మంచులో పడేశాను. ఆ డ్రైవర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రోజు మేం చేసింది ఇది. క్యాంపు ఆఫీసు గదిలో బుఖారీ (గదిని వెచ్చబెట్టే పొయ్యి) వెలుగుతూ ఉంటుంది. కొత్త ఫిల్టర్లు, రెండు క్యాన్ల వింటర్ గ్రేడ్ డీజిల్ (గట్టి చలి కోసమే తయారు చేసింది) ఆ గదిలోనే ఓ మూలన, బుఖారీకి దూరంగా పెట్టి ఉంచాం. ఆ వెచ్చటి డీజిల్ ఫిల్టర్లో నింపి బిగించాం. నడుస్తున్న జనరేటర్ రేడియేటర్ నుంచి వచ్చే వేడిగాలిని టార్పాలిన్‌తో గొట్టంలా కట్టి ఇంజన్, పైపులు, ట్యాంకు మీదికి మళ్లించాం. బండి చుట్టూ ఇంకో టార్పాలిన్ నేల దాకా దించాం. గంటలు పట్టింది. మొదటి బండి లేచింది గానీ కాసేపటికి మళ్లీ ఆగింది, ఫిల్టర్ మళ్లీ మూసుకుంది. ఒకసారి విడిపోయిన మైనం మళ్లీ కరగాలంటే, విడిపోయిన డిగ్రీ దాకా వేడెక్కితే చాలదు, అంతకంటే ఇంకా పైకి పోవాలి. ట్యాంకు చేత్తో తాకితే వెచ్చగా అనిపించే దాకా ఓపిక పట్టాల్సిందే. మధ్యాహ్నం దాటాక గానీ వరస మొత్తం లేవలేదు. ఒక పని దినం హుళక్కి.

ఆ రోజు నుంచి నా తలకెక్కిన సంగతి ఇది: పొద్దున చేసే వైద్యం అంతా దండగ ఖర్చు. ఇంజన్ ఆపే లోపల ట్యాంకులో, ఫిల్టర్‌లో, పైపుల్లో ఏ డీజిల్ ఉందన్న దాని మీదే మర్నాటి పని ఆధారపడుతుంది.

మంచి డీజిల్ దొరకడం ఇప్పుడు కష్టం కాదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లడఖ్ కోసం వింటర్ గ్రేడ్ డీజిల్ మొదలుపెట్టింది. పానిపట్ రిఫైనరీలో తయారు చేసింది, మొదటి సరఫరాను హోం మంత్రి అమిత్ షా వీడియో కాన్ఫరెన్స్‌లో ప్రారంభించారు. దాని పోర్ పాయింట్ మైనస్ 33. అంతకు ముందు ఆ ప్రాంతం వాళ్లు కిరసనాయిలు కలుపుకునో, నిప్పు పెట్టుకునో నెట్టుకొచ్చారు. అయితే ఈ మైనస్ 33ని పట్టుకుని మా సూపర్‌వైజర్ లాంటివాళ్లు "ఇంక భయమే లేదు" అంటే నేను ఒప్పుకోను. అది పారే హద్దు, ఫిల్టర్ దాటే హద్దు కాదు. ఫిల్టర్ హద్దు దానికంటే పైనే ఉంటుంది. అందుకని వింటర్ గ్రేడ్ పోసినా మిగతా జాగ్రత్తలు మేం మానలేదు. ఆయనే ఇంకో రోజు ఫోన్‌లో వాతావరణం చూసి, "గాలితో కలిపితే మైనస్ 35 అట, డీజిల్ ఏమైపోతుందో" అని కంగారు పడ్డాడు. గాలికి మైనస్ 35 అనిపించేది మనిషికి, ట్యాంకుకి కాదు. ఇనుము చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడదు. గాలి వేగానికి తొందరగా చల్లబడుతుంది, అంతవరకే. బండిని గాలి వాలుకు కాకుండా గోడ చాటుకు పెట్టడం అందుకే.

అసలు దొంగ క్యాంపులోనే ఉంటాడు. ఎండాకాలంలో నింపిన స్టోరేజీ ట్యాంకు అక్టోబరుకి సగం ఖాళీ అయి ఉంటుంది. దాని మీద వింటర్ గ్రేడ్ పోయిస్తే అది వింటర్ గ్రేడ్ అవదు, రెండిటి మధ్య ఏదో ఒకటి అవుతుంది. ఆ ఏదో ఎంత డిగ్రీలకు పేరుకుంటుందో ఏ బిల్లులోనూ ఉండదు. అందుకని సెప్టెంబరు నుంచే పాత స్టాకు అంతా పగటి పూట నడిచే మెషిన్లకు పోసి ఖాళీ చేయించేవాణ్ని. అడుగున మిగిలింది నీళ్లతో సహా దించేసి, తర్వాతే కొత్త ట్యాంకర్ ఎక్కించనిచ్చేవాణ్ని. ట్యాంకు మీద తెల్ల పెయింటుతో లోడు వచ్చిన తేదీ రాయించాను. స్టోర్ కీపర్‌కి ఇదంతా నా చాదస్తంలా కనబడేది. పోనీ అనుకున్నాను.

అనుమానం ఉంటే ఒక సులువైన పరీక్ష ఉంది. తెల్లటి గాజు సీసాలో సగం డీజిల్ పోసి, పక్కన థర్మామీటర్ కట్టి, రాత్రంతా బయట వేలాడదీయాలి. తెల్లారాక వంచి చూడాలి. నీళ్లలా కదిలి తేటగా ఉంటే నిశ్చింత. చిక్కగా కదిలినా, అడుగున తెల్లటి పొర కట్టినా ఆ డీజిల్ మనది కాదు. మధ్యరకం ఒకటి ఉంటుంది, మసగ్గా ఉంటుంది గానీ పలచగానే కదులుతుంది. యాంటీ జెల్ కలిసిన డీజిల్ అలా కనబడటం సహజం. ఆ మందు మైనం విడిపోకుండా ఆపదు, పలుకులు పెద్దవై ఒకదానికొకటి అల్లుకోకుండా చిన్నచిన్నగా ఉంచుతుంది, అవి ఫిల్టర్‌లోంచి జారిపోతాయి. కాబట్టి మసక చూసి భయపడక్కర్లేదు. ఒక కొత్త ఫిల్టర్ కోసి తీసిన కాగితాన్ని కూడా రాత్రంతా బయటే పెట్టి, దాని మీద అక్కడే ఆ డీజిల్ పోసి దిగుతుందో లేదో చూస్తే తేలిపోతుంది. వెచ్చటి గదిలోకి తెచ్చి పోస్తే మాత్రం ఏ డీజిలైనా పాసే.

యాంటీ జెల్ గురించి ఇంకో మాట. డీజిల్ ఇంకా తేటగా, వెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. పేరుకున్నాక పోస్తే అది కరిగించదు, డబ్బు దండగ. సీసా మీద రాసిన మోతాదే పోయాలి. ముందు మందు పోసి, దాని మీద డీజిల్ కొట్టిస్తే ఆ ఊపుకి బాగా కలుస్తుంది. ఆ మందు కూడా చలికి చిక్కబడుతుంది, క్యాబిన్‌లో వదిలేస్తే పొద్దున సీసాలోంచి రాదు.

కింది నుంచి వచ్చే బండ్లకు మేం పెట్టుకున్న పద్ధతి చెప్తాను, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. బండి గేటు దాటగానే ఇంజన్ ఆపనివ్వం. ట్యాంకులో ఎంత మిగిలిందో చూస్తాం. తక్కువుంటే బౌజర్ నుంచి వింటర్ గ్రేడ్ నిండా కొడతాం. ఎక్కువుంటే ముందు కొంత పంపుతో తీసి డ్రమ్ములోకి ఎక్కిస్తాం. ఆ డ్రమ్ము వెచ్చటి గదిలో నడిచే జనరేటర్‌కి పోతుంది, నష్టమేమీ లేదు. కొత్త డీజిల్ నింపాక ఇంజన్‌ని ఇంకో అరగంట నడిపించాలి. జనం మరిచిపోయేది ఇక్కడే. ట్యాంకు నిండా మంచి డీజిల్ ఉన్నా, ఫిల్టర్లో, పైపుల్లో ఉన్నది ఇంకా జమ్మూ డీజిలే. రాత్రికి ముందుగా చల్లబడేవి సన్నటి పైపులు, ఫిల్టరే గానీ ట్యాంకు కాదు. పాతది కాలిపోయి కొత్తది అక్కడి దాకా చేరాకే ఆపాలి. ఇంజన్ నుంచి ట్యాంకుకి తిరిగొచ్చే డీజిల్ వేడిగా ఉంటుంది కాబట్టి ఆ అరగంటలో ట్యాంకూ కలియబెట్టినట్టవుతుంది.

నీళ్ల పని సాయంత్రమే. ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడే విప్పి ఓ అరగ్లాసు దించాలి. పొద్దున విప్పుదాం అనుకుంటే ఆ స్క్రూయే మంచుతో బిగుసుకుని ఉంటుంది, బలవంతం చేస్తే విరుగుతుంది. ట్యాంకు కూడా సాయంత్రమే నింపాలి. ఖాళీ ఉన్న మేర గాలి ఉంటుంది, రాత్రి ఆ గాలిలోని తేమ ట్యాంకు గోడలకు చెమర్చి డీజిల్‌లోకి దిగుతుంది. రోజుకింత చొప్పున అది పేరుకుని ఓ నాటి పొద్దున మంచై ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

కిరసనాయిలు సంగతి అడగనివాళ్లు లేరు. వనపర్తి నుంచి వచ్చిన లోడర్ ఆపరేటర్ మొదటి రోజే అన్నాడు: "అన్నా, గ్యాస్‌నూనె కలిపితే అయిపాయె గదా!" ద్రాస్‌లోనే పుట్టి పెరిగిన ఒక ముసలి డ్రైవర్ మా క్యాంపుకి నీళ్ల ట్యాంకర్ తోలేవాడు, అందరం చాచా అనేవాళ్లం. ఆయనా అదే చెప్పేవాడు, తన పాత లారీ కిరసనాయిలు మీదే చలికాలాలు దాటిందని. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కిరసనాయిల్లో ఆ బరువైన మైనం ఉండదు, కలిపితే డీజిల్ హద్దు కిందికి దిగుతుంది. కానీ చాచా లారీ పంపు పాతకాలపు ఇన్‌లైన్ పంపు, దానికి నూనె ఇంజన్ ఆయిల్ నుంచి అందుతుంది. ఇప్పటి కామన్ రైల్ పంపుల్లో చాలావాటికి వేరే నూనె లేదు, లోపల తిరిగే డీజిలే వాటి నూనె. కిరసనాయిలు పొడిగా ఉంటుంది, పంపు లోపల గీతలు పడతాయి, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఆపైన బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం లోపు. రేషన్ కిరసనాయిలు గంధకం ఆ లెక్కలో ఉండదు, సైలెన్సర్‌లో ఉన్న ఫిల్టర్, క్యాటలిస్టు దానికి తట్టుకోవు. చట్టం ఒప్పదన్నది వేరే సంగతి. చాచాకి ఇదంతా చెప్తే విని, "అయితే కొత్త బండి కంటే నా బండే నయం" అని తేల్చేశాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే అక్కడ అది నయం. పెట్రోల్ కలపడం గురించి మాత్రం చర్చే వద్దు. ట్యాంకులో మండే ఆవిరి నింపుకోవడమే అది.

క్యాంపులో ఏది ముందు కాపాడాలి అంటే జనరేటర్. జనరేటర్ లేస్తే ఇంజన్లను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్లు, బ్యాటరీ ఛార్జర్, వేడిగాలి బ్లోయర్ అన్నీ లేస్తాయి. అది పడుకుంటే అన్నీ పడుకుంటాయి. అందుకని దాని డే ట్యాంకుని (రోజువారీ డీజిల్ పోసే చిన్న ట్యాంకుని) గది లోపలికి తెచ్చి, పైపుకి థర్మాకోల్, గోనెసంచి చుట్టించాం. రెండు జనరేటర్లు వంతులు వేసుకుని నడిచేవి, ఒకటి ఎప్పుడూ వెచ్చగా ఉండేది. పొగ గొట్టం గది బయటికి పోయిందో లేదో రోజూ చూడాలి. మంచు కురిసిన రాత్రి గొట్టం మూతి పూడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తిరుగుతుంది. వెచ్చదనం కోసం ఆ గదిలో పడుకుంటామని కుర్రాళ్లు అడిగేవాళ్లు. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

రాత్రంతా ఇంజన్లు ఆన్‌లో పెట్టేసే పద్ధతి కూడా అక్కడ చాలా చోట్ల చూశాను. దానితో డీజిల్ పేరుకోదు, నిజమే. కానీ బండికి గంటకు రెండు మూడు లీటర్ల చొప్పున రాత్రికి లెక్క వేయండి, అదీ అంత దూరం ట్యాంకర్లో మోసుకొచ్చిన డీజిల్. పైగా ఊరికే తిరిగే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, మసి పేరుకుంటుంది, బీఎస్-6 బండికి ఎగ్జాస్ట్ ఫిల్టర్ ల్యాంపు వెలుగుతుంది. అంబులెన్స్‌కి, మంచు తోసే లోడర్‌కి తప్ప మిగతా వేటికీ నేను ఒప్పుకోలేదు.

డీజిల్ ఒక్కటీ సరిగ్గా ఉంటే బండి లేచిపోతుందనీ అనుకోవద్దు. 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ ఆ చలికి ముద్దవుతుంది, చలిలోనూ పలచగా ఉండే 5డబ్ల్యూ రకానికి మారాలి. కూలెంట్ సగానికి సగం కలిపితే దాదాపు మైనస్ 37 దాకా కాస్తుంది, ఎవడైనా నీళ్లు టాప్ అప్ చేశాడా అని హైడ్రోమీటర్‌తో చూసుకోవాలి. యూరియా ద్రావణం మైనస్ 11కే గడ్డకడుతుంది, అది సహజం, బండిలోని హీటర్ కరిగిస్తుంది. ఆ ట్యాంకు మాత్రం అంచు దాకా నింపొద్దు, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. ఛార్జింగ్ తక్కువున్న బ్యాటరీ రాత్రికి గడ్డకట్టి పగిలిపోతుంది, అనుమానం ఉన్నదాన్ని విప్పి గదిలోకి తెచ్చుకోవడమే మేలు.

మా మేనత్త కొడుకు అమెరికాలో మినెసోటాలో ఉంటాడు, అక్కడా మైనస్ 25 మామూలే. ఓసారి ఫోన్‌లో నా కష్టాలు చెప్తే బావ నవ్వాడు. అక్కడ చలికాలం రాగానే బంకు వాళ్లే మామూలుగా అమ్మే నంబర్ 2 డీజిల్‌లో తేలికైన నంబర్ 1 కలిపి అమ్ముతారట. బయోడీజిల్ కూడా ఎండాకాలం 20 శాతం కలిపేది చలికాలానికి 5 శాతానికి దించడం అక్కడి రాష్ట్ర చట్టమే. బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే ముందే పేరుకుంటుంది కాబట్టి ఆ లెక్క. అంటే చలి తలనొప్పి బంకు వాడిది, డ్రైవర్‌ది కాదు. మనకి అలా కాదు. ప్లస్ 6 ఊరు నుంచి మైనస్ 20 ఊరికి ఒకే రోజు ఎక్కేస్తాం, మధ్యలో ట్యాంకులో ఏముందో చూసుకునేది మనమే.

పోయిన వారం నాగర్‌కర్నూల్ నుంచి ఇద్దరు పిల్లలు ఫోన్ చేశారు, కొత్త టిప్పర్‌తో పైకి పోతున్నారట.

"అన్నా, శ్రీనగర్ల ఫుల్ ట్యాంక్ కొట్టించుకుంటం, మధ్యల బంకులు ఉంటయో ఉండవో."

"వద్దు తమ్మీ, ఫుల్ వద్దు. కార్గిల్‌ల వింటర్ గ్రేడ్ దొరుకుతది, ఆడి దాక సరిపోయేంత కొట్టించు, పైన ఓ యాభై లీటర్లు ఎక్కువుంచుకో. కార్గిల్‌ల ఫుల్ చేయించి, ఓ అరగంట నడిపినంకనే ఆపు."

"మరి జోజిలా కాడ జామ్ అయి రాత్రి ఆడ్నే ఉండాల్సొస్తే?"

"యాంటీ జెల్ శ్రీనగర్లనే ట్యాంకుల వోసి, దాని మీద డీజిల్ కొట్టించు. రెండు ఫిల్టర్లు క్యాబిన్ల వెట్టుకో. లోడ్ ఎంతుంది, లీటర్‌కి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది? చెప్పు, లెక్క నేనేస్త."